బాట ప్రక్క చెట్టు

(మర్రిగూడ పంచాయతీ సభ్యుల కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



ఈ ఊరి పేరులోనే మర్రి ఉన్నది. కావున రహదారి ప్రక్కనుండు చెట్లను గురించి ఇచ్చట ముచ్చటించుట సముచితమని తలచుచున్నాము. మనది వాన తక్కువ, ఎండ ఎక్కువ గల చెల్క నేల. వేసవిలో బస్సు కొరకు నిలుచువారికి, మేకలను తోలుకొనిపోవువారికి నీడ విలువ చెప్పనక్కరలేదు. పశువులకు, మనుష్యులకు నీడ కలుగుటకై బాటల వెంట మర్రిచెట్లను నాటించితినని అశోక చక్రవర్తి తన స్తంభ శాసనమునందే చెప్పుకొనెను.

అయితే చోటు చూడక నాటిన చెట్టు కొంతకాలమునకు చిక్కు తెచ్చును. చేవెళ్ల మీదుగా పోవు హైదరాబాదు–బీజాపూరు రహదారిని చూడుడు. నిజాము కాలమున నాటినవని చెప్పు మర్రిచెట్లు అచ్చట సుమారు 900 వరకు లెక్కకు వచ్చినవి. నాడు బండ్లకు సరిపోయిన బాట నేటి లారీలకు, బస్సులకు చాలలేదు. నాలుగు వరుసలుగా వెడల్పు చేయబూనగా, చెట్లను కాపాడవలెనని కొందరు పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునలును ఆశ్రయించిరి. వివాదము ఏండ్ల తరబడి సాగెను. ప్రమాదములు తగ్గుటకు బాట వెంటనే కావలెననువారి మాటలోను, పెద్ద చెట్టు మరల రాదనువారి మాటలోను న్యాయమున్నది. చెట్టును, బాటను ఒకే పటములో చూచినచో ఇట్టి చిక్కు చాలవరకు తప్పును. ఇంజనీర్లు రహదారి దృశ్య రచన అనునది ఇదియే. కేవలము అలంకారము కాదు.

ఇందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. బాట మున్ముందు వెడల్పగుటకు విడిచిన స్థలమునకు వెలుపలనే పెద్ద చెట్లను నాటవలెను. మలుపు లోపలి వైపున, నాలుగు బాటలు కలియుచోట చూపునకు అడ్డము రాకూడదు. కరెంటు తీగల క్రింద ఎత్తుగా పెరుగు జాతులు తగవు. రెండు బాటల నడిమి స్థలమున గన్నేరు, కాగితపు పూల పొదలు మేలు. ఎదుటి వాహనపు దీపకాంతి కన్నులలో పడకుండ అవి అడ్డుకొనును. మన నేలకు వేప, కానుగ, చింత, నేరేడు తగినవి. బాటపై పడిన వాననీరు మొక్క పాదులోనికి చేరునట్లు చిన్న కాలువ తీసినచో నీటి కొరత కొంత తీరును.

2015లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన హరిత రహదారుల విధానము, జాతీయ రహదారి పథకపు వ్యయములో నూటికి 1 వంతు మొక్కల పెంపకమునకు కేటాయింపవలెనని చెప్పినది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామములలో నర్సరీల పెంపకమును, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికించు బాధ్యతను పంచాయతీలకు అప్పగించినది.

కావున సర్వే రాళ్లు పాతు దినముననే సభ్యులు మేలుకొనవలెను. ఊరి హద్దులోని పాత చెట్లను లెక్కించి, జాబితా వ్రాసి, తీర్మానముతో ఇంజనీరునకు అందజేయవలెను. ఏ చెట్టును తప్పించి బాటను మలపవచ్చునో, దేనిని వేళ్లతో తీసి వేరొకచోట నాటవచ్చునో అప్పుడే అడుగవలెను. పటము ఖాయమైన పిదప అడిగిన మాట, గొడ్డలి పడిన పిదప పోసిన నీరు వంటిది.

మన తాతలు నాటిన నీడలో మనము నిలిచితిమి. మన మనుమలు నిలుచు నీడకు నేడే చోటు చూపుదము.