పాత పెద్ద బండి కొనేముందు
(నేరేడుచర్లలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించి, వైద్య సదుపాయం గురించి వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. మనలో చాలామందికి పిల్లలు ఫోను చేసి, "నాన్నా, చిన్న కారులో వంగి కూర్చోవడం మీవల్ల కాదు, పెద్ద బండి కొనుక్కోండి" అంటున్నారు. కొత్తది కొనాలంటే నలభై లక్షల మాట. అందుకని సెకండ్ హ్యాండు వైపు చూస్తున్నాం. అక్కడ పెట్టేది గ్రాట్యుటీ డబ్బు, కమ్యుటేషను డబ్బు. ఒకసారి పోతే మళ్లీ సంపాదించే వయసు కాదు మనది. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను మెకానిక్కును కాను. సాగర్ ఎడమ కాలువ మీద శాఖ జీపులో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ని. ఆ జీపులు మొరాయిస్తే డ్రైవరు పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నది కొంత, పోగొట్టుకున్న డబ్బు నేర్పింది కొంత.

ముందు నా అనుభవం మనవి చేస్తాను. మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు. చిన్న కారులో దిగబడి లేవడం కష్టమైంది. 2025 మొదట్లో నగరంలో ఒకచోట డీజిలు ఫార్చ్యూనర్ చూశాను. తళతళలాడుతోంది. ధర మార్కెట్టు కంటే రెండు లక్షలు తక్కువ. మురిసిపోయి పాతికవేలు బయానా ఇచ్చాను. రెండోసారి వెళ్లినప్పుడు తలుపు తీయగానే నాకు తెలిసిన వాసన తగిలింది. కాలువ ఒండ్రు వాసన. సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాను. పైన శుభ్రంగా ఉంది, లోపలి మూరెడు మీద బురద గీత ఉంది. కార్పెట్టు ఎత్తితే సీటు పట్టాలకు తుప్పు. బండి వరదలో మునిగింది! బయానా తిరిగి రాలేదు. పాతికవేలతో బయటపడ్డానని సరిపెట్టుకున్నాను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు మనం మరిచిపోలేం. కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు నీట మునిగాయి. నడిగూడెం దగ్గర మన ఎడమ కాలువకే గండి పడింది. ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగాయి. అప్పుడు మునిగిన బండ్లన్నీ తుక్కులోకి పోలేదు. కొన్ని కడిగి, పాలిషు పెట్టి అమ్మకానికి వచ్చాయి. ఇంజను నడుస్తుండగా గాలి గొట్టం ద్వారా సిలిండర్లలోకి నీరు పోతే, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. వైర్ల కనెక్టర్లలో చేరిన తేమ ఏడాదికో రెండేళ్లకో బయటపడుతుంది. అందుచేత లైట్ల లోపల మసక, స్పేరు టైరు గుంటలో మట్టి, సీటు బెల్టు చివర తప్పక చూడండి.

ఇక ఇంజను సంగతి. "డీజిలు మంచిదా, పెట్రోలు మంచిదా?" అని అందరూ అడుగుతారు. నా జవాబు ఒక్కటే: మీరు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు కాగితం మీద రాయండి. మన తిరుగుడు ఏపాటిది? మిర్యాలగూడ ఆసుపత్రికి, మట్టపల్లి నరసింహస్వామి గుడికి, జాన్‌పహాడ్ ఉర్సుకు, నెలకోసారి హైదరాబాదుకు. నా లెక్కలో ఆరువేల కిలోమీటర్లు దాటలేదు.

పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిలు 95 రూపాయలు అనుకుందాం. పెద్ద పెట్రోలు బండి లీటరుకు 8 కిలోమీటర్లు, డీజిలుది 11 ఇస్తుందనుకుందాం. ఆరువేల కిలోమీటర్లకు పెట్రోలు ఖర్చు 80 వేలు, డీజిలు ఖర్చు 52 వేలు. ఏడాదికి తేడా 28 వేలు. డీజిలు బండికి రెండు లక్షలు ఎక్కువ పెడితే ఆ సొమ్ము తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. ఈలోగా ఒక్కసారి ఇంజెక్టర్లు పోతే లెక్క మొత్తం తారుమారు.

ఇంకొక చిక్కుంది. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాయి. అప్పటినుంచి డీజిలు బండ్లకు డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటోంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ గొట్టం బాగా వేడెక్కాలి, అంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. మా బావమరిది అలాంటి బండి కొని ఇంటినుంచి బజారుకు, బజారునుంచి ఇంటికి తిప్పాడు. వడపోత పూడుకుపోయింది. డీజిలు ఇంజను ఆయిల్లోకి దిగి ఆయిల్ మట్టం పెరిగింది. డిప్‌స్టిక్కు మీద గీత దాటి ఆయిలు కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి. వారానికోసారి హైవే ఎక్కి హైదరాబాదుకో విజయవాడకో పోయేవారికి డీజిలు చక్కగా సరిపోతుంది. ఊళ్లో తిరిగేవారికి సరిపోదు.

పెట్రోలయితే నిశ్చింత అనుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటిని దానికోసం చేయలేదు. మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంధనపు రబ్బరు గొట్టాలు, సీళ్లు చూపించుకోవాలి.

కంపెనీ విషయంలో, బండి తెచ్చుకునే రోజును కాదు, అది ఆగిపోయే రోజును తలచుకోండి. జర్మనీ బండి మూడోవంతు ధరకే వస్తుంది. ఎయిర్ సస్పెన్షను పోతే లారీ మీద హైదరాబాదుకు తరలించాలి. ఫోర్డు ఎండీవర్ గట్టి బండే గాని, ఆ కంపెనీ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. కొనేముందు స్పేరు పార్టులు, సర్వీసు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి. ఫార్చ్యూనర్‌లో 2009లో వచ్చిన 3 లీటర్ల డీజిలుకు టైమింగ్ బెల్టు ఉంటుంది, అది మార్చిన రసీదు అడగండి. 2016 చివర వచ్చిన 2.8 లీటర్ల ఇంజనుకు గొలుసు ఉంటుంది.

చూడటానికి తెల్లవారుజామునే వెళ్లండి. బానెట్టు మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లని ఇంజను స్టార్టు చేయించి పొగ చూడండి. నీలం పొగయితే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంటు లోపలికి దిగుతోందేమోనని చూపించండి. ఆయిల్ మూత కింద పాలకాఫీ రంగు జిడ్డుంటే బేరం వదిలేయండి.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఇతర రాష్ట్రపు బండికి ఫారం 28 నిరభ్యంతర పత్రం ఉండాలి, ఇక్కడ పన్ను మళ్లీ కట్టాలి. పేరు మార్పుకు ఫారం 29, 30, బ్యాంకు అప్పు తీరినదానికి ఫారం 35. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పాక అక్కడి బండ్లు చాలా దక్షిణాదికి దిగాయి. 2025లో ఆ అమలును కొంత సడలించినా, చవకగా కనిపించే ఆ బండికి రిజిస్ట్రేషను ఇంకెన్నేళ్లు మిగిలిందో లెక్క చూడండి. ఛాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర, ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర అడగండి. చూపించడానికి వెనకాడితే లేచి వచ్చేయండి.

చివరికి నేను 2017 నాటి పెట్రోలు ఫార్చ్యూనర్ తీసుకున్నాను. ఒకే యజమాని, పూర్తి సర్వీసు రికార్డు. ధర కొంచెం ఎక్కువే. పెట్రోలు బాగానే తాగుతుంది. అయినా మా ఇంటావిడ మెట్టుమీద కాలుపెట్టి, పట్టుకమ్మి పట్టుకుని తనంతట తాను ఎక్కుతుంది. ఆసుపత్రికి పోతూ దారిలో ఆగిపోతామన్న బెంగ లేదు.

మిత్రులారా, బండి కొనడానికి తొందరలేదు. మీలో ఎవరైనా బయానా ఇచ్చేముందు ఒక్క మాట నాకు చెప్పండి, వెంట వస్తాను. సీటు బెల్టు నేనే లాగి చూస్తాను.