పొద గులాబీల కత్తిరింపు: కాలము, క్రమము



గులాబి యనగానే అది బంగళాలలోని తోటమాలికి తప్ప అన్యులకు లొంగని మొక్కయని పలువురి తలంపు. ప్రదర్శనములకై పెంచు పెద్దపూవుల జాతుల విషయమున ఆ మాట కొంత నిజము. కాని బావి గట్టునను, కంచె వెంబడిని పెరిగి, దండలకును అర్చనకును విడిపూవుల నిచ్చు పొద గులాబీలు అట్టివి కావు. ఎడ్వర్డు గులాబియు, 1897వ సంవత్సరమున ఐరోపాలో వెలువడిన గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ అను ఎఱ్ఱ గులాబియు ఈ తెగలోనివి. వీనికి నిత్యోపచార మక్కరలేదు. అయినను ఏటికొకమారు చేయవలసిన కత్తిరింపును కాలము దప్పి చేసినను, మితిమీరి చేసినను, ఆ యేటి రాబడియే గాక మొక్కయు పోవచ్చును.

కత్తిరింపు ఏల యనగా: కొమ్మ కొననున్న కన్ను తన క్రింది కన్నులను పెరుగనీయదు. కొన తొలగినంతనే క్రింది కన్నులు చిగుర్చును. ఈ జాతులలో పూవులు క్రొత్త చిగుళ్ల కొనలయందే పూయును. కత్తిరింపక విడిచినచో పొద ఎత్తుగా పెరిగి, లోపల వెలుతురు లేక, సన్నని పుల్లలమీద చిన్నపూవులు మాత్రమే మిగులును.

ఇక కాలము. వానలలో కోసిన గాయము తడియారదు. అందుండి బూజు తెగులు ప్రవేశించి కొమ్మ కొననుండి నల్లబడి క్రిందికి ఎండుకొని వచ్చును. వేసవిలో కోసినచో ఆకుల నీడ పోయి కాండము ఎండకు మాడును. కావున వానలు వెనుదీసి చలి తలచూపు సంధికాలమే తగినది. అనగా చిత్త కార్తె మొదలు విశాఖ కార్తె వరకు, ఇంచుమించు అక్టోబరు నడుమనుండి నవంబరు నడుమవరకు. కోస్తా ప్రాంతములందు ఆ దినములలోనే తుపానులు వచ్చును గనుక, అచ్చటివారు వాన వెలిసి రెండు మూడు దినములు ఎండకాసిన పిమ్మటనే కత్తెర పట్టవలెను.

“పండుగ బేరము ముందుండగా పూచెడి కొమ్మను కోయుమందురా?” అని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందులకు ఉపాయమిది. తోటను మూడు భాగములు చేసికొనుడు. దసరా పూవులు అమ్మిన పిదప మొదటి భాగమును, అటుపై పదునైదేసి దినముల యెడముతో తక్కిన రెంటిని కత్తిరింపుడు. కోసిన ఆరేడు వారములకు పూవులు వచ్చును. ఇట్లు చేసినచో ఒక భాగము చిగుర్చుచుండగా వేరొక భాగము పూచుచుండును. పూవులన్నియు ఒకేమారు అంగడికి చేరి ధర పడిపోవు భయమును తగ్గును.

క్రమమును వినుడు. మొదట ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానినొకటి రాచుకొను కొమ్మలను తీసివేయుడు. ఎండుకొమ్మను కోయునపుడు లోని బెండు తెల్లగా కనబడువరకు క్రిందికి పోవలెను. ముదిరిన పొదలో మిక్కిలి పాతబడిన కాండములను ఒకటి రెంటిని మొదలంట తొలగింపుడు. మిగిలిన కొమ్మల పొడవున మూడవ వంతు తీసిన చాలును. ఎట్టి స్థితిలోను సగమునకు మించరాదు. వెలుపలివైపు చూచు కన్నునకు పావు అంగుళము పైగా ఏటవాలుగా కోసినచో నీరు నిలువదు, పొద నడుమ గాలియాడును. నాటిన మొదటి యేట ఎండుపుల్లలను తప్ప మరేమియు ముట్టవలదు. మొదట పుట్టు పిలకల విషయమై జాగ్రత్త వలయును: కొమ్మ నాటి పెంచిన మొక్క పిలక ఆ మొక్కయే గనుక ఉంచవచ్చును, అంటుమొక్కలో అంటు క్రిందనుండి లేచిన పిలకను మొదలంట పెరికివేయవలెను.

కత్తెర పదునుగా నుండవలెను. నలిగిన గాయము మానదు. తెగులు సోకిన మొక్కను కోసిన కత్తెరను శుభ్రపఱుపక వేరొక మొక్కకు తగిలింపరాదు. అదే దినమున కోతలకు బోర్డో ముద్ద పూయుడు. మైలతుత్తము ఒక పాలు, సున్నము ఒక పాలు, నీరు పది పాళ్లు, అన్నియు తూకముచే కొనవలెను. ఇనుప పాత్రలు పనికిరావు. మట్టి పాత్రలలో రెంటిని వేర్వేరుగా కరగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోసి కలుపుడు. తెగులు కొమ్మలను తోటలో విడువక కాల్చివేయుడు. పిమ్మట మొదళ్లను పైపైన త్రవ్వి, మాగిన పశువుల ఎరువు గంపెడేసి వేసి నీరు కట్టుడు.

నా మాటను ఊరక నమ్మవలదు. ఈ యేట ఒక వరుసను కత్తిరింపక విడిచి, సంక్రాంతివరకు ఆ వరుస పూవులను వేరుగా తూచి వ్రాసికొనుడు. కత్తిరించిన వరుస తూకమును దాని ప్రక్కన ఉంచి చూచిన పిమ్మట, పై యేట ఏమి చేయవలయునో మీరే నిశ్చయించుకొనవచ్చును.