మైసెన్ పింగాణి

పింగాణి యనగానే మనకు కాఫీ కప్పు, ఊరగాయ జాడీ స్ఫురించును. ఇంత సామాన్యమైన వస్తువు కొరకు ఒకప్పుడు రాజులు ఆరాటపడిరనిన నేడు నమ్మశక్యము గాదు. చీనా దేశీయులకు వేయేండ్లకు పైగా తెలిసియున్న ఈ విద్య, 18వ శతాబ్ది ఆరంభము వరకు యూరపువారికి అంతుపట్టలేదు. కాఫీ, టీ, చాకొలెట్ పానీయములు అచ్చటి సంపన్న గృహములలో ప్రవేశించిన కొలదియు, మరగు నీటికి పగులని, పలుచని, తెల్లని పాత్రలకు గిరాకి హెచ్చినది. అవి తూర్పు దేశములనుండి ఓడలపై రావలసియుండెను.

జర్మను రాజ్యమగు శాక్సనీని ఏలిన ఆగస్టస్‌కు ఈ పాత్రలపై గల మోజు అంతింత గాదు. 1717లో ఆయన ప్రష్యా రాజునకు 600 మంది సైనికులను ఇచ్చి, బదులుగా 151 చీనా పాత్రలను పుచ్చుకొనెను. లెక్కించి చూచినచో ఒక్కొక్క పాత్రకు ఇంచుమించు నలుగురు మనుష్యులు! ఆ సైనికులతో ప్రష్యాలో ఏర్పడిన దళమునకు పింగాణి దళమను పేరు వచ్చినది.

స్వదేశమున పింగాణి పుట్టిన కథయు ఇట్టిదే. బ్యోట్‌గర్ అను యువకుడు తనకు స్వర్ణయోగము తెలియునని చెప్పుకొనెను. ఆ మాటయే అతనికి సంకెల యైనది. ఆగస్టస్ అతనిని నిర్బంధించి, బంగారము చేయుమనెను. బంగారము రాలేదు. చిర్న్‌హౌస్ అను పండితుని పర్యవేక్షణలో పరిశోధన మన్నువైపు మరలినది. తెల్లమన్నులో అలబాస్టరు పొడిని కలిపి, తీవ్రమైన వేడిలో కాల్చి, 1708లో గట్టి పింగాణిని సాధించిరి. చిర్న్‌హౌస్ ఆ యేటనే మరణించెను. 1710లో మైసెన్ పట్టణమున, ఎల్బా నదీతీరపు కొండకోటలో కర్మాగారము నెలకొన్నది. రహస్యము పొక్కకుండుటకు కోటగోడలు ఉపకరించునని రాజు తలంపు. 1714లో విముక్తుడైన బ్యోట్‌గర్ 1719లో 37వ యేట కన్నుమూసెను. రహస్యమును కోటలో నిలువలేదు. 1718లో వియన్నాలో మరియొక కర్మాగారము వెలసినది.

పిదప క్యాండ్లర్ అను శిల్పి చేతిలో ఈ మన్ను ప్రాణము పోసికొన్నది. 1737 మొదలు 1742 వరకు ఆయనయు, ఆయన సహచరులును బ్రూల్ అను మంత్రికొరకు హంసల విందుసామగ్రిని తీర్చిరి. అందు 2,200కు మించిన పాత్రలు గలవు. పళ్లెముల మీద శంఖపు మడతలు, నీటిలో తేలు హంసలు, రెల్లుపొదలు ఎంతో మృదువుగా ఉబ్బి కనబడును. ఆ బల్లచుట్టు కూర్చున్నవారు దొరలు. మన్ను పిసికినవారికి, కొలిమికడ నిలిచినవారికి ఆ బల్లకడ చోటు లేదు. 1756లో ప్రష్యా సేనలు శాక్సనీని ఆక్రమించినపుడు ఆ వైభవమునకు గట్టి దెబ్బ తగిలినది. హంసపాత్రలలో అనేకము రెండవ ప్రపంచయుద్ధము చివర ధ్వంసమైనవి. మిగిలినవి ప్రదర్శనశాలలకు చేరినవి.

కర్మాగారము మాత్రము నేటికిని మైసెన్‌లో పనిచేయుచున్నది. 18వ శతాబ్దిలో ముద్రింపబడిన అడ్డకత్తుల గుర్తే నేటికిని దాని పాత్రల అడుగున కలదు. మన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమునందును యూరపు పింగాణి సేకరణము కలదు. అటు వెళ్లినపుడు మనము ఆ పాత్రల సొగసును మెచ్చుకొందము. మెచ్చుకొనుచు, వాటిని చేసిన చేతులనుగూడ ఒక్క క్షణము తలచుకొందము.