కొండ మీద ఇల్లు, వాట్సాప్‌లో ప్లాటు

 

పోయిన ఆదివారం మా కోంగ్సీలో ఒక తమ్ముడు ఫోన్ తెచ్చి వీడియో చూపించాడు. పొగమంచు, కాఫీ తోట, వెనక కొండ. "లంబసింగిలో ప్లాటన్నా, వాయిదాల మీద ఇస్తారంట. గెంటింగ్‌లో పెరిగినట్టే రేటు పెరుగుద్దంట. అడ్వాన్సు పంపేదా?" అన్నాడు.

నేను వెంటనే వద్దనలేదు. గెంటింగ్ పేరు తీశాడు కాబట్టి ముందు ఆ కథే చెప్పాను. మీకూ చెబుతాను.

గెంటింగ్ హైలాండ్స్ కేఎల్ నుంచి గంట దారి. 1965లో లిమ్ గో తోంగ్ అనే ఆయన అడవిలో రోడ్డు వేయడం మొదలుపెట్టాడు, 1971లో మొదటి హోటల్ తెరిచారు. ఆయన కూడా మనలాగే కాంట్రాక్టు పనుల్లోంచి వచ్చినవాడే. కొండ సగంలో ఉన్న ఊరికి ఆయన పేరే పెట్టారు, గోతోంగ్ జయ అని. నేను ఆ చుట్టుపక్కల రెండు సైట్లలో పనిచేశాను. రెంటికీ మధ్య చాలా ఏళ్ల తేడా.

నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివాను. అందుకని డ్రాయింగ్ చూస్తే కొనేవాడు ఎవడో కొంచెం తెలుస్తుంది. మొదటి సైట్లో మూడు పడక గదులు, పెద్ద వంటగది, బట్టలు ఆరేసుకునే జాగా. అంటే కేఎల్ కుటుంబం శని ఆదివారాలు పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకొచ్చి చల్లగా ఉండి పోతుంది. రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోదాం అనుకునేవాళ్లు కూడా కొన్నారు. రెండో సైట్లో ఒకే గది. మంచం, టీవీ, నీళ్లు కాచుకునే పాటి అరుగు, తలుపుకి నంబర్లు నొక్కే తాళం. ఉండటానికి కాదు, రాత్రికింత అని అద్దెకివ్వడానికి. కొన్నాయన ఒక్క రాత్రి కూడా అందులో పడుకోకపోవచ్చు.

ఎందుకు మారిందంటే, కొండ మీదకి వచ్చే జనం మారారు. 2016 చివర్లో అవానా స్కైవే కేబుల్ కారు, 2017లో ప్రీమియం ఔట్‌లెట్స్, 2022లో స్కైవరల్డ్స్ పార్కు వచ్చాయి. ఒక్క రాత్రి ఉండిపోయే జనం పెరిగారు, బిల్డర్లు గదుల్ని చిన్నవి చేశారు. సెలవు రోజుల్లో లిఫ్టు దగ్గర సూట్‌కేసుల వరస. అదే మంగళవారం రాత్రి సైట్ నుంచి దిగుతూ చూస్తే వెలిగే కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గది ఖాళీగా ఉన్నా మెయింటెనెన్స్ మాత్రం నెలనెలా కట్టాలి. ఆ సంగతి బ్రోచర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకోటి, మంచు. ఫొటోకి అందం, గోడకి శత్రువు. పెయింట్ ఆరదు, పుట్టీ పట్టదు, తాళం వేసిన గదిలో నెలకే బూజు. గెంటింగ్‌లో ఆంబర్ కోర్ట్ అని ఒక బిల్డింగు ఉంది. గోడలకి ఎర్ర పాచి పట్టి రక్తం కారినట్టు కనబడేది. జనం దెయ్యాల మేడ అన్నారు. దెయ్యం లేదు, తేమే.

వాలు సంగతి మనవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రిటైనింగ్ వాల్ కట్టినవాళ్లం, వీప్ హోల్ మూసుకుపోతే ఏమవుతుందో తెలిసినవాళ్లం. 1993 డిసెంబర్ 11న ఉలు క్లాంగ్‌లో హైలాండ్ టవర్స్ ఒక బ్లాకు కూలి 48 మంది చనిపోయారు. వెనక కొండలో నీరు పోయే దారి సరిగా లేదు, మట్టి జారి గోడల్ని తోసుకొచ్చింది. 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బతాంగ్ కాలిలో, గెంటింగ్ వెళ్లే రోడ్డు పక్కన, కొండచరియ విరిగి టెంట్లలో పడుకున్న 31 మంది పోయారు. ఆ వారమంతా మా సైట్లో వాన పడితే ఎవరూ వాలు కింద నిలబడలేదు, నాతో సహా.

ఇంత ఉన్నా గెంటింగ్‌లో కొన్నవాడికి చేతిలో ఒక టైటిల్ ఉంటుంది. నష్టపోయినా అమ్ముకోగలడు. లంబసింగిలో ఆ మాత్రం కూడా ఉండదు, అదీ తేడా.

లంబసింగి చింతపల్లి మండలం, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. మాది నర్సీపట్నం వైపు, చిన్నప్పుడు ఆ ఘాటీ ఎక్కి సంతకెళ్లేవాళ్లం. అదంతా షెడ్యూల్డ్ ప్రాంతం. అరకు, పాడేరు కూడా అంతే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో సవరించారు, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అక్కడి భూమి గిరిజనుడు గిరిజనుడికే ఇవ్వాలి. గిరిజనేతరుడి పేరు మీదున్న భూమిని కూడా ఇంకో గిరిజనేతరుడు కొనడానికి లేదు. ఇది అన్యాయం అనేవాళ్లున్నారు. నేను అనను. ఆ చట్టం లేకపోతే ఈపాటికి ఆ కొండల్లో వాళ్లకి కూలిపని తప్ప ఏమీ మిగిలేది కాదు.

మరి ప్లాటు ఎలా అమ్ముతున్నారు? నోటరీ కాగితం మీద. లేదా ఒక గిరిజనుడి పేరు పెట్టి, మీకో అగ్రిమెంటు రాసిచ్చి. మా మేనమామ కొడుకు జొహోర్‌లో వెల్డరు, రెండేళ్ల జీతం అలాగే పంపాడు. సెలవులో ఊరెళ్లి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగితే, మీ పేరు మీద ఇది రిజిస్టర్ అవ్వదండీ అన్నారంట. డబ్బు తీసుకున్నవాడు ఫోన్ ఎత్తడు. వీడు ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. వాళ్లావిడ నాకు ఫోన్ చేసినప్పుడల్లా, "ప్లాటులో బోరు వేయించారా అన్నయ్యా" అని అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియక సిగ్నల్ లేదంటాను.

మా తమ్ముడికి ఇదంతా చెప్పి, ఆ వీడియో పంపినవాణ్ణి మూడే అడగమన్నాను: సర్వే నంబరు ఎంత, రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో, దస్తావేజు ఎవరి పేరు మీద. మెసేజ్ పెట్టాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇవాళ్టికి ఐదో రోజు, జవాబు రాలేదు.