కొలత గొట్టం చెడితే



హోసూరు, డెంకణికోట ప్రాంతాల్లోనూ, కోలారు, బళ్ళారి జిల్లాల్లోనూ, ఇంకా సరిహద్దు పొడుగునా తెలుగు మాట్లాడే పల్లెల్లోనూ పంట కాపలాకు లైసెన్సు తుపాకీ పెట్టుకున్న రైతులు అక్కడక్కడా ఉన్నారు. అది నోటినుంచి మందు పోసి దట్టించే పాతకాలపు తుపాకీ. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ నిజమైన పంట రక్షణ కోసం ఇలాంటి తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని పేరు పెట్టి మరీ చెబుతోంది. ఈ రోజు నేను ఆ తుపాకీని గురించి కాదు, దాన్ని దట్టించడానికి వాడే చిన్న చిన్న సాధనాలను గురించి మాట్లాడతాను. అవి చెడిపోతే ఏం చేయాలి? అంతకంటే ముఖ్యంగా, ఏం చేయకూడదు?

ఈ మాట నాకు పుస్తకంలో దొరికింది కాదు. మా మేనమామ దగ్గర నేర్చుకున్నది.

మా మామకు డెంకణికోట దగ్గర నాలుగెకరాల మెట్ట ఉండేది. రాగి, వేరుశనగ వేసేవాడు. రాగి కంకి గట్టిపడే వేళకు అడవిలోంచి ఏనుగులు దిగేవి. వేరుశనగ కాయ ఊరగానే అడవి పందులు వచ్చి చాళ్ళు చాళ్ళుగా తవ్వేసేవి. మామ తుపాకీలో గుళ్ళు వేసేవాడు కాదు. ఉత్త మందు దట్టించి, ఆకాశంకేసి చప్పుడు చేసేవాడు. లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం దానికి వేరుగా అనుమతి ఉండాలంటుంది. మామకు ఆ సంగతి బాగా తెలుసు.

1994లో ఆయన సరిహద్దు దాటి, చిత్తూరు జిల్లాలో ఒక ఊళ్ళోని దుకాణంలో కొత్త కొలత గొట్టం కొన్నాడు. ఇత్తడిది. లోపల జరిగే కడ్డీ, దాని మీద గీతలు, పక్కన బిగించే మర. కావలసిన గీత దగ్గర మర బిగిస్తే అంతే మందు పట్టాలి. బిల్లు అడగలేదు. పది పన్నెండు సార్లు వాడాక ఒక రాత్రి భుజం మీద గుర్రం తన్నినట్టయింది. పొగ కూడా మామూలుకంటే ఎక్కువ. మామ అక్కడితో ఆపేశాడు. ఆ రాత్రి డబ్బా కొట్టి కాపలా కాశాడు.

తెల్లవారాక ఆయన చేసిన పని చూడండి. కొలత గొట్టంలో మందు పోయలేదు. రాగులు పోశాడు. అంచు వరకు నింపి, పైన చదును చేసి, ఊళ్ళో కంసాలి తరాజులో తూచాడు. మర ముట్టుకోకుండా గొట్టాన్ని నాలుగుసార్లు అరచేతిలో తట్టి, మళ్ళీ నింపి తూచాడు. అలా అయిదుసార్లు. ఒక్కోసారి తూకం పెరుగుతూ వచ్చింది. మర పట్టు జారుతోంది, కడ్డీ కిందికి దిగుతోంది. గీత ఒకటి చూపిస్తోంది, గొట్టం ఇంకొకటి పడుతోంది.

ఆయన దుకాణానికి వెళ్ళాడు. "ఏమప్పా, ఈ మర నిలవడం లేదు" అంటే, "మందు పోసేది మీరు కదా సామీ, చేతి కొలత తప్పి ఉంటుంది. బిల్లుందా?" అన్నాడు దుకాణదారు. బిల్లు లేదు. మామ కోపంతో ఇంటికొచ్చి ఆ గొట్టాన్ని బండరాయి మీద పెట్టి చితక్కొట్టి బావిలో పారేశాడు. పీడ పోయిందనుకున్నాడు.

నెల తిరక్కుండానే పక్క ఊళ్ళో ఒక రైతుకు ప్రమాదం జరిగింది. మందు ఎక్కువై, అప్పటికే మర అరిగి ఉన్న నిప్పిల్, అంటే టోపీ తొడిగే చిన్న ముక్కు, ఊడి వెనక్కి ఎగిరింది. కుడి కన్ను పోయింది. చూడబోయిన మామకు అక్కడ గోడకు వేలాడుతున్న కొలత గొట్టం కనిపించింది. అదే దుకాణం, అదే రకం. "నేను నా ముక్క పగలగొట్టుకున్నాను గానీ, వాడి ముక్క సంగతి ఆలోచించలేదురా" అని మామ చనిపోయేదాకా అంటుండేవాడు.

శ్రోతలారా, ఆయన సగం పని చాలా తెలివిగా చేశాడు. మిగతా సగం వదిలేశాడు. ఆ రెండు సగాలూ కలిపి ఈ రోజు మీకు చెబుతున్నాను.

మొదటిది, అనుమానం రాగానే ఆపడం. దెబ్బ ఎక్కువగా తగిలినా, పొగ ఎక్కువైనా, నిప్పిల్ దగ్గర సెగ వెనక్కి కొట్టినా ఇంకొకసారి పేల్చి చూద్దామనుకోకండి. ఆ ఇంకొకసారే ప్రమాదం. కొలత గొట్టాన్ని మామ చేసినట్టు రాగులతోనో, సన్నని ఉప్పుడు రవ్వతోనో పరీక్షించవచ్చు. తరవాత శుభ్రంగా తుడిచి ఆరబెట్టాలి. పరీక్షకు మందు వాడకూడదు. తుపాకీ మందుకు ఒక్క నిప్పురవ్వ చాలు. మందు కొలిచే సాధనాలు ఇనుముతో కాక ఇత్తడి, రాగి, కొమ్ము వంటి వాటితో చేయడం అందుకే.

రెండవది దట్టించే కడ్డీ. తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాక కడ్డీని అడుగుదాకా దించి, గొట్టం మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత పెట్టండి. ఎప్పుడైనా, టోపీ తీసేసిన తరవాతే, కడ్డీ దించి చూస్తే ఆ గీత మూతికి పైన నిలిచిందనుకోండి, లోపల ఏదో ఉందన్నమాట. ఇది చిన్న విషయం కాదు. 1863లో అమెరికాలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో ఏరిన తుపాకులు 27 వేల పైచిలుకు. వాటిలో సుమారు 24 వేలు దట్టించి ఉన్నాయి. అందులో దాదాపు సగం ఒకటి మీద ఒకటి రెండుసార్లు దట్టించినవి. శిక్షణ పొందిన సిపాయిలకే గందరగోళంలో ఆ సంగతి తెలియలేదు. నిద్రమత్తులో మంచె దిగే రైతుకు తెలుస్తుందా? కడ్డీ వంగినా, కొన చీలినా, ముక్క లోపలే ఉండిపోయినా గీత అబద్ధం చెబుతుంది. అలాంటి కడ్డీని వాడకండి.

మూడవది పేలని తుపాకీ. గుర్రం పడింది, టోపీ చిటుక్కుమంది, మందు అంటుకోలేదు. నిప్పు లోపల నెమ్మదిగా పాకి, కొద్ది క్షణాలు ఆగి పేలవచ్చు. మూతిని మనిషీ పశువూ లేని వైపే ఉంచి కనీసం రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. మూతిలోకి తొంగి చూడకండి. ఆ తరవాత టోపీ తీసేయండి. ఇనప మేకుతో లోపలి మందు తవ్వడం, సెగ చూపించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దట్టించిన తుపాకీని బస్సులో పట్టుకుపోకండి. పోలీసు స్టేషనుకు కబురు చేసి, లైసెన్సు ఉన్న మరమ్మతుదారును అక్కడికే పిలిపించండి.

మరమ్మతు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఊళ్ళో కమ్మరి మనవాడే, పనిమంతుడే. కానీ ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. లేకపోతే తప్పు మీది, ఆయనదీ. సరిహద్దు అవతలి మరమ్మతుదారు దగ్గరికి తీసుకుపోయే ముందు మీ లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. మన రాష్ట్రానికి మాత్రమే అని రాసి ఉంటే, తుపాకీతో అవతలి ఊరికి అడుగు పెట్టకూడదు. చుట్టరికాలకు ఎల్ల లేదు గానీ లైసెన్సుకు ఉంది.

అలాగే మందు ఇంట్లో నూరుకోవడం నేరం. కార్ట్రిడ్జ్ తుపాకుల్లో వాడే పొగరాని మందును ఈ తుపాకీలో పోయడమైతే చావును పిలవడమే. దాని ఒత్తిడిని ఈ గొట్టం తట్టుకోలేదు. అమెరికాలో చాలామంది ఖాళీ కార్ట్రిడ్జ్‌లను ఇంట్లోనే యంత్రంతో తిరిగి నింపుకుంటారు. అక్కడి నుంచి వచ్చే మన పిల్లలు ఎవరైనా ముచ్చటపడి అలాంటిది తెచ్చిపెడతామంటే వద్దనండి. మన చట్టంలో మందుగుండు తయారుచేసే యంత్రం కూడా మందుగుండు కిందికే వస్తుంది. అనుమతి లేకుండా ఉంచుకుంటే కేసవుతుంది.

ఇక మామ వదిలేసిన సగం. చెడిన సాధనాన్ని పగలగొట్టకండి, పారేయకండి, ఇంకొకరికి ఇవ్వకండి. ఒక గుడ్డసంచిలో వేసి, ఏ తేదీన ఏం జరిగిందో కాగితం మీద రాసి, దానితో పాటు పెట్టి కట్టండి. అదే మీ సాక్ష్యం. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు కన్నడంలో ఉన్నా, అరవంలో ఉన్నా, తెలుగులో ఉన్నా చెల్లుతుంది. దుకాణదారుకు తపాలాలో, రశీదు వచ్చేలా ఉత్తరం రాయండి. అదే రకం కొన్న వాళ్ళకు మీ నోటితో చెప్పండి. తుపాకీకే లోపముంటే పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా తెలపండి.

"దుకాణం ఆ రాష్ట్రంలో ఉంది, మనం ఈ రాష్ట్రంలో ఉన్నాం, కోర్టుకు ఎవరు తిరుగుతారు?" అని మామ రోజుల్లో అనేవారు. అందులో కొంత నిజముంది. 1986 నాటి వినియోగదారుల చట్టం కింద అమ్మినవాడు ఉన్నచోటనో, వ్యవహారం జరిగినచోటనో ఫిర్యాదు చేయాలి. 2019 చట్టం దీన్ని మార్చింది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడు తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. మదనపల్లెలో కొన్న వస్తువు మీద కోలారులో, పలమనేరులో కొన్నదాని మీద కృష్ణగిరిలో అడగవచ్చు. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. రెండేళ్ళలోగా వెయ్యాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. తెలుగులో మాట్లాడవచ్చు.

కొలత గొట్టం ధర ఎంతని ఇదంతా అంటారేమో. దాని ధర లెక్కలోది కాదు. పక్క ఊరి రైతు కన్ను లెక్కలోది.

ఈ రాత్రి మీలో ఎవరైనా మంచె ఎక్కబోతూ ఉంటే, పగలు వెలుతురుండగానే ఒక గుప్పెడు రాగులు తీసుకుని మీ కొలత గొట్టాన్ని ఒకసారి పరీక్షించండి. తేడా కనిపిస్తే ఈ పూటకు డబ్బా కొట్టండి. ఆ గొట్టాన్ని మాత్రం దాచి ఉంచండి.