చేయి మరచిన పని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో ఏదేని ఒక కావ్యమును గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరిరి. ఊరి లెక్కలు వ్రాసి జీవించుచు, గురువు లేక ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే నాలుగు ప్రాచీన గ్రంథములు చదువుకొన్న నాకు అది గొప్ప గౌరవము. అయినను నేడు కావ్యమును గూర్చి గాక ఒక చేతిని గూర్చి చెప్పదలచితిని. అది మా తల్లి కుడిచేయి.

2022వ సంవత్సరము శ్రావణమాసమున ఆమె వాకిట కల్లాపి తడిలో జారిపడెను. మణికట్టు ఎముక విరిగెను. డాక్టరుగారు దానిని సరిచేసి పిండికట్టు వేసిరి. ఆరు వారములకు కట్టు విప్పి, “ఎముక అతికినది, ఇక వ్రేళ్లను, మణికట్టును ఆడించుచుండవలెను” అనిరి. మేము మొదటి మాటకు సంతసించి రెండవ మాటను మరచితిమి.

అటుపై జరిగినదంతయు ప్రేమతో చేసిన తప్పు. “అత్తయ్యా, మీరు చేయి కదపకుడు” అని కోడలు అన్నము కలిపి పెట్టెను. మందు సీసా మూత నేను తీసి ఇచ్చుచుంటిని. ఆ చేయి ఆమె ఒడిలోనే ఉండిపోయెను. నొప్పి లేదు కావున చికిత్స ముగిసినదని తలచితిమి. సంక్రాంతినాడు ఆమె ముగ్గు వేయుటకు కూర్చుండెను. పిడికిలి సగమున ఆగిపోయెను. రెండు వ్రేళ్ల నడుమ పిండి నిలువలేదు. ఆమె ఏమియు అనలేదు. పిండిగిన్నెను మనుమరాలి వైపు జరిపెను.

పండుగ ముగియగనే ఫిజియోథెరపీ చేయు ఒకామె యొద్దకు కొనిపోతిమి. ఆమె మమ్ము నిందింపలేదు. “కట్టు విప్పిన వారముననే రావలసినది. ఎముక అతుకుట వేరు, చేయి పనికి వచ్చుట వేరు” అని మాత్రము అనెను.

ఆ మాట నాకు క్రొత్తది కాదు. నా సిగ్గంతయు అందే కలదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున విరిగిన ఎముకలకు చేయు చికిత్సను గూర్చిన అధ్యాయమొకటి కలదు. చేయి విరిగి అతికిన పిదప రోగిచేత మొదట మెత్తని ముద్దను పట్టించి, బలము కలిగిన కొలది తుదకు రాతిని పట్టింపవలెనని అందు చెప్పబడినది. దానిని నేను ఈ బల్లయొద్దనే చదివి, నలుగురికి వినిపించి, మన పూర్వుల ప్రజ్ఞకు పొంగిపోతిని. గ్రంథమున చదివినదానిని ఇంటిలో గుర్తింపనైతిని.

మా వృత్తిలో ఒక నియమము కలదు. నాటి పద్దు నాడే చిట్టాకు ఎక్కవలెను. జాగు చేసిన పద్దు చిక్కదు. దేహమునకు కూడ అట్టి చిట్టా ఒకటి వ్రాయుడు. నొప్పి ఎంత అని మాత్రమే గాక, దేహము ఏ పనిని మానుకొన్నదని అందు వ్రాయవలెను. తల దువ్వుటకు, చొక్కా తొడుగుటకు భుజము లేచుట లేదా? మధుమేహము గలవారికి భుజము బిగిసిపోవుట తరచుగా వచ్చును. నడుమునొప్పి కొన్ని వారములైనను తగ్గుట లేదా? నేలపై కూర్చున్నవారు పట్టు లేక లేవలేకున్నారా? నడకలో తూలుచున్నారా? ఏడాదిలో రెండవమారు పడిరా? కట్టు విప్పిరా? మోకాలి కీలు మార్పించుకొనిరా? పక్షవాతము వచ్చి ప్రాణము నిలిచినదా? వీనిలో దేనికైనను “వయస్సు మీద పడినది” అని సరిపెట్టుకొనరాదు. వైద్యుని అడిగి, వ్యాయామ చికిత్సకు పోవలెను. చికిత్స చేయువారు అందు పట్టము పొందినవారా అని అడుగుటకు మొగమాటపడవలదు.

అయితే కొన్నిటికి ముందు పోవలసినది ఆసుపత్రికే. హఠాత్తుగా మూతి వంకరయైనను, ఒక ప్రక్క చేయి వాలిపోయినను, మాట తడబడినను క్షణమైనను ఆగరాదు. మెదడులోని గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల పడవలెను. నడుమునొప్పితో కాళ్లు బలము తప్పినను, కూర్చుండు చోట తిమ్మిరి పుట్టినను, మూత్రము స్వాధీనము తప్పినను అట్లే. అప్పుడు మాలీషులతో కాలము పుచ్చుట ప్రమాదము.

మన చిలకలగూడకు ఇందులో లోటు లేదు. సికింద్రాబాదు స్టేషను దాపున ఉండిన గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాదునకు మారి మనకు చేరువలోనే ఉన్నది. పంజగుట్టలోని నిమ్సు మొదట ఎముకల ఆసుపత్రిగా వెలసినదే. దూరము మనకు అడ్డు కాదు. రేపు పోవుదమను బుద్ధియే అడ్డు.

మా తల్లికి ఆమె మొదట మెత్తని స్పాంజి బంతిని ఇచ్చి పిసుకుమనెను, పిదప గట్టి బంతిని ఇచ్చెను. సుశ్రుతుని వరుసయే అది. ఆరు నెలలకు మా తల్లి తన చేతితో తాను అన్నము తినెను. కొళాయి త్రిప్పెను. ముగ్గుగీత మాత్రము నేటికిని సాగదు. చుక్కలు ఆమె పెట్టును. గీతలు మనుమరాలు కలుపును. పోగొట్టిన ఆ మూడు నెలల పద్దు నా పేరనే నిలిచియున్నది.

కావున నా విన్నపము ఒక్కటే. మీ ఇంట ఎవరైనను తాము చేసికొను పనిని మాటాడక మరియొకరి వైపు జరిపినచో, దానిని చూడుడు. చూచిననాడే కదలుడు. ఈ గ్రంథాలయమున చదివినది మన మన ఇండ్లకు చేరుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.