గిద్ద మొదలు పుట్టి వరకు: కంప్యూటరు కొలతలు



మేము పల్లెలకు వెళ్ళినపుడు పలువురు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "64 జీబీ అని వ్రాసియున్న మెమరీ కార్డు కొంటిమి. కంప్యూటరులో పెట్టి చూచిన 59 మాత్రమే కనబడుచున్నది. తక్కినది ఏమైనట్లు?" అని. అంగడివాడు మోసగించెనని కొందరి యనుమానము. జగడమునకు దిగుటకు ముందు కొలత యెట్టిదో తెలిసికొనుట మంచిది. నేడు పిల్లల పాఠములు, పొలముల పత్రములు, సంఘముల పద్దులు ఈ కొలతలలోనే దాచబడుచున్నవి. మనము సొమ్ము చెల్లించుచున్నదియు ఈ కొలతలను బట్టియే.

పెద్దలకు గిద్ద, సోల జ్ఞాపకముండును. 4 గిద్దలు సోల. 2 సోలలు తవ్వ. 2 తవ్వలు మానిక. 2 మానికలు అడ్డ. 2 అడ్డలు కుంచము. 2 కుంచములు ఇరస. 2 ఇరసలు తూము. ప్రాంతమును బట్టి తేడాలున్నను, ఈ లెక్కన తూమునకు 256 గిద్దలు. అంతయు రెట్టింపు వరుసయే. కంప్యూటరు లెక్కయు ఇట్టిదే. అందు అన్నిటికంటె చిన్నది బిట్టు. దీపము వెలిగినదా, ఆరినదా అన్నంత మాత్రమే అది చెప్పగలదు. ఈ పేరును క్లాడ్ షానన్ అను శాస్త్రజ్ఞుడు 1948లో తన వ్యాసమున వాడి, దానిని సూచించినవాడు జాన్ టూకీ యని తెలిపెను. 8 బిట్లు ఒక బైటు. 8 దీపములను వెలిగించుటలో, ఆర్పుటలో 256 విధములు గలవు. తూములోని గిద్దలెన్నియో ఇవియు అన్నియే!

మన అక్షరములకు ఎంత చోటు కావలెను? నేడు విస్తారముగా వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి 3 బైట్లు పట్టును. 'అమ్మ' అను మాటలో అ, మ, పొల్లు, మరల మ. 4 గుర్తులు, 12 బైట్లు, అనగా 96 బిట్లు. 'స్త్రీ' చూచుటకు ఒక్క అక్షరమే యైనను యంత్రమునకు 6 గుర్తులు, 18 బైట్లు. పుటకు 1,500 గుర్తుల చొప్పున 300 పుటల పుస్తకమునకు 13 లక్షల 50 వేల బైట్లు చాలును. 64 జీబీ కార్డులో అట్టి పుస్తకములు 47 వేలకు పైగా ఇముడును. ఫోనుతో తీసిన 4 మెగాబైట్ల ఫొటో యొక్కటి ఇంచుమించు మూడు పుస్తకముల చోటు నాక్రమించును. కార్డు నిండినదని విచారించువారు అక్షరములను నిందింపవలసిన పని లేదు.

ఫోనుకు వచ్చు చిన్న సందేశము సంగతి వేరు. దాని పరిమితి 140 బైట్లు. ఆంగ్ల అక్షరమునకు 7 బిట్లు చాలును గనుక 160 అక్షరములు పట్టును. తెలుగు గుర్తునకు ఇచ్చట 2 బైట్లు. కావున 70 గుర్తులే. అంతకు మించినచో సందేశము ముక్కలగును. ఇందువలన ఆంగ్లముననే పంపుట మేలని కొందరందురు. మేము సమ్మతింపము. తుపాను హెచ్చరిక చదువరికి అర్థము కాకున్న, మిగిలిన బైట్లతో ఏమి ప్రయోజనము? మాటలను తగ్గించి తెలుగుననే పంపవలెను.

ఇక పోయిన జీబీల విషయము. కిలో అనగా వేయి. అయితే రెట్టింపు వరుసలో వేయికి చేరువైన సంఖ్య 1,024. కంప్యూటరు పనివారు దానినే కిలో యని పిలుచుట అలవాటు చేసికొనిరి. కార్డు తయారుచేయువారు వేయితో లెక్కించి 6,400 కోట్ల బైట్లను 64 జీబీ యందురు. విండోస్ గల కంప్యూటరు అదే సంఖ్యను 1,024తో ముమ్మారు భాగించి 59.6 అని చూపును. ధాన్యము తరుగలేదు, కొలిచిన కుంచము పెద్దది. కొలత పెరిగినకొలది ఈ భేదమును పెరుగును. కిలో వద్ద నూటికి 2.4, గిగా వద్ద 7.4, టెరా వద్ద దాదాపు 10. ఒక టెరాబైటు డిస్కు 931 జీబీగా కనబడుట ఇందువలననే. 1,024 వరుసకు కిబి, మెబి, గిబి యని వేరు పేర్లు 1998లో నిర్ణయింపబడినవి. సేర్లు, వీశెలు ఊరికొక తీరుననుండగా 1956 చట్టము వాటిని సరిదిద్దినది; ఈ కొలతలకు పేర్లు దొరకినవి గాని, బజారున వాటిని పలుకువారు అరుదు.

పెద్ద కొలతలను మన లెక్కలో చెప్పుకొన్న భయము తీరును. మెగా 10 లక్షలు, గిగా 100 కోట్లు, టెరా లక్ష కోట్లు. ఆపైన పెటా, ఎక్సా. మరియొక మెట్టు ఎక్కిన జెట్టా. అది కోటిని కోటితోను, మరల కోటితోను హెచ్చించినంత. ఆ తరువాత యోటా. 2022లో రోనా, క్వెటా యనునవి చేర్చబడినవి. క్వెటాకు 1 ప్రక్కన 30 సున్నలు. ప్రతి మెట్టునకు 3 సున్నలు. పైకెక్కిన తీసివేయవలెను, దిగిన చేర్చవలెను. బైట్లను బిట్లు చేయుటకు మాత్రము 8తో హెచ్చింపవలెను. ఒక టెరాబైటునకు 8 లక్షల కోట్ల బిట్లు.

ఆ 8ని మరచినవారే ఎక్కువగా భ్రమపడుదురు. ఇంటర్నెట్టు వేగమును బిట్లలోను, ప్యాకును బైట్లలోను చెప్పుట కంపెనీల వాడుక. సెకనుకు 40 మెగాబిట్లు అనగా 5 మెగాబైట్లే. 150 మెగాబైట్ల పాఠము దిగుటకు 30 సెకనులు కావలెను గాని 4 సెకనులు కాదు. అదే వేగమున ఎడతెగక వాడినచో దినమునకు 1.5 జీబీ ప్యాకు 5 నిమిషములలో చెల్లిపోవును.

నిజమైన మోసము లేదని మా యభిప్రాయము కాదు. 2 టెరాబైట్లని ముద్రించి, లోపల కొద్ది జీబీలు మాత్రమే పట్టు కార్డులను కారుచౌకగా అమ్మువారు కలరు. అట్టివానిలో కంప్యూటరు చూపు సంఖ్యయు అబద్ధమే. నిండిన పిదప వ్రాసినది నిలువదు. సంఘము పద్దులను దాచదలచినవారు మొదట అక్కరలేని ఫైళ్ళతో కార్డును నిండుగా నింపి, వాటిని మరల తెరచి చూడవలెను. తెరచుకొనని పక్షమున రసీదుతో కూడ అంగడికి తిరిగి తీసికొని పోవలెను.